మిగిలిన మాత్రలు

అవనిగడ్డలోని మా ఇంటి అలమారలో ఒక బిస్కట్ల డబ్బా ఉండెడిది. అందులో బిస్కట్లను మేమెన్నడును చూచి యెరుగము. జ్వరము తగ్గిన మరునాడే మానివేసిన మాత్రలన్నియు అందు చేరెడివి. ఇంట ఎవరికి ఒళ్ళు వెచ్చబడినను అమ్మీ అందుండి రెండు తీసి ఇచ్చెడిది. మేమును తక్కువ తినలేదు. చీటీ లేకుండగనే మందుల కొట్టునకు పోయి, మూడు మాత్రలు కత్తిరించి ఇమ్మనెడివారము. ఎం.ఏ. పట్టా ఆ అలవాటును మాన్పలేకపోయినది.

రెండేళ్ళ క్రిందట అమ్మీకి మూత్రములో మంట, చలిజ్వరము వచ్చినవి. డబ్బాలోని మాత్రలు పనిచేయలేదు, కొట్టులోనివియు పనిచేయలేదు. బందరు తీసికొనిపోగా వైద్యులు కల్చర్ పరీక్ష వ్రాసినారు. మూడవనాడు వచ్చిన కాగితములో మందుల పేర్లు వరుసగా ఉన్నవి. దాదాపు ప్రతి పేరునకు ఎదుట 'ఆర్' అను అక్షరము. ఆర్ అనగా ఆ మందునకు సూక్ష్మజీవి లొంగదని అర్థము. 'ఎస్' ఉన్నవి రెండే, రెండును సూదిమందులే. "ఇంత చదువుకొన్నవారు మీరు" అని మాత్రము వైద్యులన్నారు.

ఆసుపత్రి బల్లపై గడపిన ఆ దినములలో, జీవశాస్త్రము బోధించు మిత్రుని అడిగి కొంత తెలిసికొంటిమి. సూక్ష్మజీవి మందునకు అలవాటుపడునని మా భ్రమ. అది కాదు. కోట్ల కొలది మూకలో జన్యువు మారినది ఏ ఒక్కటో ముందుగనే ఉండవచ్చును. మందు తక్కినవానిని చంపి దానికి చోటు ఖాళీ చేయును. అనువైన స్థితిలో ఈ-కోలై ఇరువది నిమిషములకొకసారి రెండగును. ఇక తెల్లవారునప్పటికి ఊరంతయు దాని సంతానమే. కొన్ని, మందును విరుగగొట్టు ఎంజైమును తయారుచేయును. కొన్ని, లోనికి వచ్చిన మందును బయటికి తోడివేయును. పైగా ఈ విద్యను ప్లాస్మిడ్ అను చిన్న డి.ఎన్.ఏ. వలయము ద్వారా పొరుగుదానికి, వేరు జాతిదానికి సైతము అందించును. ఇంత శీఘ్రముగా నేర్చు శిష్యులు మాకు తరగతిలో తారసపడలేదు.

మూత్రములో చేరిన ఈ-కోలై సాధారణముగా మన ప్రేవులలోనిదే. జలుబు వైరస్ వలన వచ్చును. దానిని ఆ మాత్ర ఏమియు చేయదు. కాని ప్రేవులలోనివానిని మాత్రము ఏరును. అనగా అమ్మీ జలుబులకు మేము తెచ్చి పెట్టిన ప్రతి మాత్రయు ఈ కాగితమునకు కొంత దారి వేసియుండును.

ఈ కథలో తెలుగునేలకు రెండు వైపుల పాలున్నది. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీలో పరిశోధనలకు సారథ్యము వహించిన కాలముననే, 1948లో, తొలి టెట్రాసైక్లిన్ అయిన ఆరియోమైసిన్ వెలువడినది. 2007లో స్వీడన్ పరిశోధకులు పటాన్‌చెరులో మందుల కర్మాగారముల వ్యర్థజలమును శుద్ధిచేసి విడచిన నీటిని పరీక్షించిన ఫలితములను ప్రకటించిరి. లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్ససిన్ అందున్నది. ఆ మాత్ర మింగిన రోగి రక్తములో సైతము అంత ఉండదు.

అమ్మీ కోలుకొన్నది. ఇల్లు చేరగనే డబ్బా ఏదని అడిగినది. ఇప్పుడందు సూదులు, దారపుండలు ఉన్నవి. ఆమెకు ఇంకను కోపమే: "డబ్బు పోసి కొన్న మందులు, బేటా!"