నాచారం డైరీ: పరీక్ష మారే ముందు

డిసెంబర్ 6, 2025, శనివారం

తమ్ముడి కూతురు జనగామ నుంచి వచ్చింది. ఉప్పల్ రింగు రోడ్డులో బస్సు దిగి, ఆటోలో నాచారం చేరేసరికి చీకటి పడింది. సంచిలో బట్టల కంటే కాగితాలే ఎక్కువ. విదేశీ యూనివర్సిటీల్లో చేరడానికి రాసే ఇంగ్లిష్ పరీక్ష టోఫెల్ కోసం ఆర్నెల్లుగా రాసుకున్న నోట్సు. ఏ ప్రశ్న వచ్చినా మొదలుపెట్టడానికి ఒక వాక్యం, ముగించడానికి ఒకటి, నడుమ రెండు కారణాలు.

"అత్తా, ఇదంతా బట్టీ పట్టిన. జనవరి 21 నుంచి పరీక్ష మారుతదట. ఇప్పుడేం చెయ్యాలె?"

ముందు అన్నం తినమన్నాను.

డిసెంబర్ 7, ఆదివారం

పొద్దున్నుంచీ ఇద్దరం కూర్చుని కొత్త పద్ధతి చదివాం. ఈ పరీక్షకు మారడం కొత్త కాదు. 1964లో కాగితం మీద మొదలైంది. 2005లో ఇంటర్నెట్‌కు వచ్చింది. కరోనా ఏడాది 2020లో ఇంట్లో కూర్చుని రాసే వీలు కల్పించారు. 2023లో మూడు గంటల పరీక్షను రెండు గంటలకు కుదించారు. ఈసారి మాత్రం పొడవే కాదు, ప్రశ్నల తీరే మారుతోంది.

21 లోపు పాత పద్ధతిలో రాసేయమని స్నేహితురాళ్లు చెబుతున్నారట. పాత పద్ధతిలో ఒక ప్రశ్నకు జవాబు చెప్పమన్నాను. చెప్పింది. తప్పు లేదు. కానీ ఆ గొంతు తనది కాదు, కాగితానిది. ఆగుదామన్నాను. జనవరి 31కి, ఇంటి నుంచే రాసేలా తేదీ తీసుకున్నాం.

డిసెంబర్ 13

చదవడం, వినడం విభాగాలు ఇకపై రెండు మెట్లుగా ఉంటాయి. మొదటి మెట్టులో ఎలా చేశామన్నదాన్ని బట్టి రెండో మెట్టు ప్రశ్నలు కఠినంగానో సులువుగానో వస్తాయి. పిల్ల భయపడింది. ముప్పై ఏళ్లు ప్రభుత్వ బడిలో ఇంగ్లిష్ చెప్పినదాన్ని, నాకు ఇందులో భయపడేదేమీ కనిపించలేదు. క్లాసులో కొత్త పిల్లను మొదట ఓ మోస్తరు ప్రశ్నే అడిగేదాన్ని. చెబితే ఇంకాస్త లోతుకు వెళ్లేదాన్ని, చెప్పలేకపోతే ఒక మెట్టు దిగేదాన్ని. మొదటి మెట్టు మీద తొందరపడొద్దు, అంతే.

డిసెంబర్ 20

"విని తిరిగి చెప్పు" అనేది కొత్తగా వచ్చింది. ఏడు వాక్యాలు వినిపిస్తారు, ఒక్కొక్కటి ఒక్కసారే. పోనుపోను పొడవు పెరుగుతాయి. విన్నది విన్నట్టు పలకాలి.

మనకు చిక్కు పదాల చివర. మన మాట అచ్చుతో ముగుస్తుంది. అందుకే బస్ మన నోట బస్సైంది, పెన్ పెన్నైంది, కార్ కారైంది. తెలుగులో అది అందమే. ఇంగ్లిష్ వాక్యంలో మాత్రం ప్రతి పదానికీ తోక పెరిగి, వాక్యం బరువెక్కి, సగంలో గుర్తు తప్పుతుంది. రోజూ రాత్రి భోజనాలయ్యాక నేనొక వాక్యం అంటాను, తను తిరిగి అంటుంది. మూడు పదాలతో మొదలుపెట్టి ఇవాళ పదకొండుకు వచ్చాం. ఎక్కాలు చెప్పించినట్టే ఉంది. తేడా ఒకటే. ఎక్కం అర్థం కాకపోయినా నోటికొస్తుంది. పదకొండు పదాల వాక్యం అర్థమైతేనే నోట నిలుస్తుంది.

డిసెంబర్ 27

తార్నాక వైపు నడిచాం. హబ్సిగూడ దాటాక ఇఫ్లూ, అంటే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీ చూపించాను. 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్‌గా పుట్టింది. ఇంగ్లిష్ చెప్పే టీచర్లను తయారుచేయడం దాని తొలి పని. నేనూ ఒకప్పుడు ఇక్కడ కొద్దిరోజులు శిక్షణకు వచ్చాను. నేర్చుకున్నవాటిలో ఒకటే బాగా మిగిలింది: టీచర్ మాట్లాడటం తగ్గిస్తేనే పిల్ల మాట్లాడుతుంది. తిరిగి బడికి వెళ్తే యాభై మంది పిల్లలు, నలభై ఐదు నిమిషాల పీరియడ్. ఒక్కొక్కరికి నిమిషం కూడా రాదు. పదో తరగతి పబ్లిక్ పరీక్ష రాతలోనే. నోరు విప్పే అవసరం ఎవరికీ పడలేదు. ఆ లోటు నా మేనకోడలి గొంతులో ఇవాళ వింటున్నాను.

జనవరి 4, 2026

రాత విభాగంలో చెల్లాచెదురు పదాలతో వాక్యం కూర్చడం ఒకటి. ఒకటో తరగతి వర్క్‌బుక్కులా కనిపిస్తుంది, కానీ అంత తేలిక కాదు. "లైబ్రరీ ఎక్కడుందో తెలుసా?" అనడానికి పిల్ల "డూ యూ నో వేర్ ఈజ్ ద లైబ్రరీ" అని పేర్చింది. చివర "ద లైబ్రరీ ఈజ్" అని రావాలి. అడిగే ప్రశ్న ఇంకో ప్రశ్నలో ఒదిగినప్పుడు వరస మారుతుంది. తెలుగులో ఆ పనంతా "ఉందో"లోని ఓత్వం చేసిపెడుతుంది. అలా పక్కపక్కన పెట్టి చూపిస్తే ఐదు నిమిషాల్లో పట్టుకుంది. మాతృభాష అడ్డమని ఎవరన్నారో గానీ, నాకెప్పుడూ అదే నిచ్చెన.

ఇంకొకటి ఏడు నిమిషాల్లో ఈమెయిల్. మా పిల్లలందరికీ వచ్చిన ఇంగ్లిష్ ఉత్తరం ఒకటే, జ్వరం వచ్చిందని సెలవు చీటీ. ఇక్కడ ఎవరికి రాస్తున్నామో, ఏం కావాలో, ఎంత మర్యాదగా అడగాలో చూసుకోవాలి. ఆమె మొదటి ఈమెయిల్‌లో "రెస్పెక్టెడ్ సర్" నాలుగుసార్లు వచ్చింది. మర్యాద పిలుపులోనే కాదు, అడిగే తీరులో ఉండాలని చెప్పాను.

జనవరి 10

గది సంగతి. ఇంటి నుంచి రాయాలంటే గదిలో ఒక్కరే ఉండాలి, తలుపు మూసి ఉండాలి, కెమెరా తిప్పి గదంతా చూపించాలి. మాది రెండు గదుల ఇల్లు. వీధి చివర నుంచి ఇండస్ట్రియల్ ఏరియా లారీలు. పాత ఇనుము కొంటామని మైకుతో తిరిగే బండి. పక్కింటి మిక్సీ. కరెంటు పోతే ఇన్వర్టర్ ఆదుకుంటుంది గానీ ఇంటర్నెట్ నిలుస్తుందో లేదో పరీక్షించి చూడాలి.

సొంత గది ఉన్న పిల్లకూ లేని పిల్లకూ ఈ పరీక్ష ఒకటి కాదు. ఈ మాట చెప్పి తీరాలి. ఇంట్లో కుదరనివాళ్లు మొహమాటపడకుండా సెంటర్‌కు వెళ్లి రాయడమే మేలు.

జనవరి 12

పండక్కి జనగామ పంపడానికి ఉప్పల్ వచ్చాం. వరంగల్ బస్సుల కోసం రోడ్డు నిండా జనం. స్కైవాక్ కింద నిలబడే చోటు లేదు. బస్సు వచ్చేలోపు ఇంటర్వ్యూ ప్రశ్నలు అడిగాను. కొత్త పద్ధతిలో నాలుగుంటాయి. ఒక్కోదానికి 45 సెకన్లు. ఆలోచించుకోవడానికి విడిగా సమయం ఉండదు, ఇదివరకు పదిహేను సెకన్లైనా ఇచ్చేవారు.

"పండక్కి ఊరెళ్లడం నీకెందుకు ఇష్టం?" అని ఇంగ్లిష్‌లో అడిగాను. ఆ గోలలోనే చెప్పింది. నాయనమ్మ సకినాలు చుట్టడం, తన చేతికి ఆ చుట్టు ఇంకా రాకపోవడం. రెండు తప్పులు దొర్లాయి. కానీ నోట్సులోని వాక్యం ఒక్కటీ రాలేదు. నేను చేయి పట్టుకుని ఊరుకున్నాను. బస్సు వచ్చింది.

జనవరి 21

ఇవాళ్టి నుంచి కొత్త పరీక్ష. మార్కులు ఇక 1 నుంచి 6 దాకా, అర చొప్పున. రెండేళ్లపాటు పాత 120 లెక్క కూడా పక్కనే ఇస్తారు. తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, ఆరుకు నాలుగున్నరంటే నలుగురికి ఏం చెప్పాలె?" నలుగురికి చెప్పక్కర్లేదు, చేరాలనుకున్న యూనివర్సిటీ ఎంత అడుగుతోందో చూసుకుంటే చాలన్నాను. కొత్త లెక్కలో ఎంత కావాలో ప్రతి యూనివర్సిటీ పేజీలో విడిగా చూసి రాసుకోమని పిల్లకు చెప్పాను.

జనవరి 31, శనివారం

పక్కింటావిడ మిక్సీ పొద్దున్నే వేసుకుంది. పై వాటా పిల్లలు క్రికెట్‌కు వీధి చివరకు వెళ్లారు. నేను మెట్ల మీద కూర్చున్నాను.

దాదాపు గంటన్నర. తలుపు లోపలి నుంచి మాటలు తెలియలేదు, గొంతు మాత్రం వినిపించింది. మధ్యలో ఆగింది, మళ్లీ అందుకుంది. బట్టీ పట్టిన గొంతు అలా ఆగదు. ఆలోచించే మనిషి గొంతే ఆగుతుంది.

ఫలితం మూడు రోజుల్లో వస్తుంది. ఎంతొచ్చినా ఇక్కడ రాస్తాను. అంతకంటే ముందు, పరీక్షకు సిద్ధమయ్యే పిల్లలున్న ఇళ్లకు నా మనవి ఒకటి. డబ్బు కట్టి నోట్సు తెచ్చే ముందు, రోజూ పది నిమిషాలు ఆ పిల్లను ఏదో ఒకటి అడగండి. మీకు ఇంగ్లిష్ రాకపోయినా ఫర్వాలేదు, తను చెప్పనివ్వండి. మధ్యలో దిద్దకండి. చివరిదాకా వినండి.