పోయిన మాట, మిగిలిన పద్యం

2012 వేసవిలో మా నాన్నగారికి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. వాటితోపాటు మాటా పోయింది. ముప్పయ్యేళ్ళు బడిలో తెలుగు చెప్పిన మనిషి, దాహం వేస్తే చెంబుకేసి చూసేవారు.

ఒకనాటి సాయంత్రం మా అమ్మాయి వసారాలో గజేంద్రమోక్షం పద్యం వల్లెవేస్తూ మధ్యలో ఆగిపోయింది. లోపల మంచంమీదనుంచి నాన్నగారు మిగతా పద్యం తప్పు లేకుండా చదివేశారు! అందరం పరుగెత్తుకెళ్ళాం.

"నాన్నగారూ, నా పేరు చెప్పండి" అన్నాను.

పెదవులు కదిలాయి గాని మాట రాలేదు.

"పద్యం వచ్చినవారికి కొడుకు పేరు రాదుటండీ? మీరసలు ప్రయత్నించడం లేదు" అని కసిరాను. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నారు.

కొన్నాళ్ళకు మా కాలేజీ గ్రంథాలయంలో హ్యూలింగ్స్ జాక్సన్ అనే వైద్యుణ్ణి గురించి చదివాను. 1835లో ఇంగ్లండులోని యార్క్‌షైర్‌లో పుట్టాడు. పక్షవాత రోగులకు, మూర్ఛరోగులకు లండన్‌లో పెట్టిన ఆస్పత్రిలో 1862లో చేరి చాలా ఏళ్ళు పనిచేశాడు. మెదడును బొమ్మ తీసే యంత్రాలు లేని రోజులవి. ఓపిగ్గా రోగిని చూడడమే ఆయన విద్య. మూర్ఛ బొటనవేలి దగ్గర మొదలై చేతికీ, ముఖానికీ పాకే వరుసను గమనించి, మెదడులో ఒక్కొక్క అవయవం కదలికకు ఒక్కొక్క తావు ఉండాలని ఊహించాడు. 1870లో జర్మనీలో కుక్కల మెదడుపై విద్యుత్తుతో చేసిన ప్రయోగాలు ఆ ఊహకు బలమిచ్చాయి.

మాటకు మెదడు ఎడమభాగంలో తావున్నదని పారిస్ వైద్యుడు బ్రోకా 1861 నుంచీ చూపిస్తూ వచ్చాడు. జాక్సన్ మరో ప్రశ్న వేశాడు: మాట పోయినవాడికి మిగిలిందేమిటి? అడిగితే పెదవి విప్పలేనివాడు కోపం వస్తే తిట్టగలడు. మనసులోని సంగతిని అప్పటికప్పుడు వాక్యంగా కూర్చడం వేరు, అలవాటైనది నోటినుంచి దొర్లిపోవడం వేరు. మొదటిది పోయినా రెండోది నిలవవచ్చు. 1878లో తాను కొందరితో కలిసి స్థాపించిన 'బ్రెయిన్' పత్రికలో ఈ విషయమే విపులంగా రాశాడు.

పుస్తకం మూశాను. పద్యం అప్పజెప్పినవాడికి భాష వచ్చేసినట్టేనని క్లాసులో ఎన్ని మార్కులు వేశానో! ఇంట్లోనూ అదే లెక్క వేసి, నాన్నగారిని దోషిని చేశాను.

ఆ రాత్రి ఆయన మంచం పక్కన కూర్చుని, "తప్పయిపోయింది, నాన్నగారూ" అన్నాను. ఎడమచెయ్యి నా చేతిమీద వేశారు. పేరు మళ్ళీ అడగలేదు. ఒక పద్యం ఎత్తుకుని సగంలో ఆగాను. తక్కినది ఆయన చదివారు.

ఆయన పోయేదాకా మేమిద్దరం అలాగే మాట్లాడుకున్నాం.