కారవాన్ కొనాలా? ముందు అరకు దాకా అద్దెకు!

కారవాన్ వీడియోలన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి. తలుపు తీయగానే లోయ, చేతిలో కాఫీ కప్పు. నాకు మాత్రం అందులో నచ్చింది వెనకాల ఉండే చిన్న బాత్రూమ్. దూర ప్రయాణమంటే చాలు, మా అమ్మ పొద్దున్నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. దారిలో శుభ్రమైన టాయిలెట్ దొరకదని భయం. అందుకే సెకండ్ హ్యాండ్‌ బండి ఒకటి కొందామని డబ్బులు దాస్తున్నా. కొనేముందు చూద్దామని రెండు రాత్రులకు ఒకటి అద్దెకు తీసుకుని, అమ్మానాన్నలతో వైజాగ్ నుంచి అరకు బయల్దేరా.

దూరం సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా హాయిగా సాగింది. ఘాట్ మొదలయ్యాక అసలు సంగతి తెలిసింది. కారు మలుపు తిరిగితే మనం ఊగుతాం. ఇందులో గిన్నెలు, నీళ్లు, ఇల్లంతా ఊగుతుంది! పడుకుని వెళ్లిపోతానన్న నాన్న లేచి సీటు బెల్టు పెట్టుకున్నారు. బండితో పాటే డ్రైవర్‌నీ ఇచ్చారు. అనంతగిరి కాఫీ తోటల దగ్గర మలుపులో ఎదురుగా బస్సు వచ్చినప్పుడు, స్టీరింగ్ నా చేతిలో లేనందుకు దేవుడికి దండం పెట్టుకున్నా. గాలికొండ వ్యూ పాయింట్ దగ్గర ఆగితే, అమ్మ సగం సీసా నీళ్లు గటగటా తాగేసింది. ట్రిప్ మొత్తంలో నాకు నచ్చిన సీన్ అదే.

రాత్రికి ఎక్కడపడితే అక్కడ ఆపేద్దామంటే కుదరదు. "ఫ్రిజ్, గీజర్ నడవాలంటే ప్లగ్ పాయింట్ ఉండాలి సార్" అన్నాడు డ్రైవర్. ఒక లాడ్జి ఆవరణలో డబ్బు కట్టి నిలుపుకున్నాం. 100 లీటర్ల నీళ్ల ట్యాంకు రెండో రోజు మధ్యాహ్నానికే అడుగంటింది. టాయిలెట్ ట్యాంకు సంగతి ఇంకా పెద్దది. వాగులోనో రోడ్డు పక్కనో వదిలేయలేం కదా! వైజాగ్ వెళ్లాక వాళ్ల షెడ్డులోనే ఖాళీ చేశారు. సొంత బండైతే ఆ పని నాదే. 2021లో కేరళ తెచ్చిన కారవాన్ టూరిజం పాలసీలో బండ్లతో పాటు వాటిని నిలిపే పార్కులకు కూడా ఎందుకు చోటిచ్చారో అప్పుడు అర్థమైంది.

ఇంటికొచ్చి లెక్కేసుకున్నా. నాకున్న సెలవులకి ఏడాదిలో బండి తిరిగేది మహా అయితే 12 రోజులు. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోకి ఆ ఎత్తు దూరదు. మిగతా రోజులు బయట ఎండకు ఎండుతుంటే ఇన్సూరెన్స్, బ్యాటరీ, టైర్ల ఖర్చు మాత్రం ఆగదు.

మీకూ కొనాలనుంటే కనీసం రెండు రాత్రులు అద్దెకు తీసుకోండి. ఘాట్ ఉన్న రూటే ఎంచుకోండి. ఇంట్లో పెద్దవాళ్లను తీసుకెళ్లండి. ట్యాంకులు నింపడం, ఖాళీ చేయడం దగ్గరుండి చూడండి. ఆ పని చూశాక కూడా మనసు మారకపోతే అప్పుడు కొనండి.

నేనైతే ప్రస్తుతానికి కొనడం లేదు. దాచిన డబ్బుతో ఏడాదికి రెండుసార్లు అద్దెకు తీసుకుంటా. తర్వాతి ట్రిప్ లంబసింగికే అని అమ్మ అప్పుడే చెప్పేసింది.