పాటలో పోపు చప్పుడు

ఇంట్లో పాట పట్టి దాచుకోవడమంటే వెనుకటి రోజుల్లో కలిగినవారి ముచ్చట. ఇప్పుడు అట్లా కాదు. ఒక మైకు, దాని సన్నని ధ్వనిని అంకెలుగా మార్చి కంప్యూటరుకు అందించే చిన్న పెట్టె (దానిని ఇంటర్‌ఫేస్ అంటారు), ఒక లాప్‌టాపు, చెవులకు హెడ్‌ఫోను. ఈ నాలుగూ సమకూడితే పడకగదే స్టూడియో. గుమాస్తా జీతంలోనూ కాస్త ఓర్చుకుంటే కొనగలిగినవే. కాని ఈ నాలుగింటి వెంట పిలవని పేరంటంగా అయిదవది ఒకటి వచ్చి కూర్చుంటుంది. అదే చిటపట చప్పుడు.

పాత గ్రామఫోను ప్లేట్లలోనూ చప్పుడు ఉండేది గదా, దానికింత గొడవ ఎందుకని అడిగేవారున్నారు. ఆ ప్లేట్లను లక్కలో మెత్తని రాతిపొడి కలిపి పోసేవారు. ముల్లు ఆ పొడి మీద రాసుకుంటూ పోతుంటే బరబర రాక తప్పదు. అది వస్తువు స్వభావం. మన నాలుగు వస్తువులకూ అటువంటి స్వభావం లేదు. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఏదో చెడిందనే అర్థం.

మా బరంపురం తెలుగువారి సంగతి పాఠకులకు తెలియనిది కాదు. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడినపుడు మేము ఊరు కదలలేదు, ఎల్లే మమ్మల్ని దాటి వెళ్లింది. మా పిల్లలు ఒడియా బడిలో చదువుకున్నారు. ఇంట్లో తెలుగు గలగల మాట్లాడుతారు గాని అక్షరం ముక్క చదవలేరు. అమ్మ నోట ఉన్న పెళ్లిపాటలు, మంగళహారతులు, జోలలు నేను నోటుబుక్కులో ఎంత ముత్యాల్లా రాసిపెట్టినా వారికి ఆ పుస్తకం తెరవని పెట్టెతో సమానం. వినగలిగితేనే అవి వారివి అవుతవి. అమ్మకేమో ఎనభై దాటినవి. నిన్న వచ్చిన చరణం ఇవాళ రాదు. రేపు నిదానంగా పాడించుకుందాం లెమ్మని అనుకునే వయస్సు కాదు.

2024 వానకాలంలో మొదలుపెట్టాము. నాలుగు పాటలు సాగినవో లేదో, ప్రతి పంక్తి మీదా చిట్, చిట్, పట్. అమ్మ హెడ్‌ఫోను ఒక చెవికి ఆనించుకుని విని, "ఏమిట్రా నాయనా, నా గొంతుకలో ఎవరు పోపు వేస్తున్నారూ?" అన్నది.

ఈ సామాన్లు అమ్మే ఒకాయనను అడిగాను. ఆయన చప్పుడు వినకుండానే, పెట్టె మార్చండి బాబూ అని ఒడియాలో తేల్చేశాడు. నాడి పట్టకుండా మందిచ్చే వైద్యం నాకు నచ్చదు. ఆఫీసులో ఖాతా కుదరకపోతే లెడ్జరంతా తిరగరాయముగదా. ఒక్కొక్క పద్దూ టిక్కు పెట్టుకుంటూ పోతాము. ఇక్కడా అదే పని. ఒకసారికి ఒకే వస్తువు మార్చాలి, వినాలి, కాగితం మీద రాసుకోవాలి. రెండు ఒకేసారి మారిస్తే చప్పుడు పోయినా దేనివల్ల పోయిందో తెలియదు.

అన్నిటికంటె ముందు తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. చప్పుడు రికార్డులోనే పడిందా, వినిపించేటప్పుడు పుడుతున్నదా? పాటను మూడుసార్లు వినండి. ప్రతిసారీ అదే అక్షరం మీద చిట్ మన్నదంటే అది లోపల పడినట్టే. ఒకసారి ఇక్కడ, మరొకసారి అక్కడ వస్తే పాట శుభ్రంగానే ఉన్నది, వినిపించడంలోనే తిప్పలున్నవి. ఆ ఫైలునే మరొక ఫోనులో వేసి చూస్తే సందేహం తీరుతుంది. ఈ చిన్న పరీక్ష చేయకనే చాలామంది డబ్బు తగలేస్తారు.

వినిపించడంలో వచ్చే చిటపటకు ఎక్కువగా కంప్యూటరు తొందరే కారణం. ధ్వనిని సెకనుకు 44,100 నమూనాలుగా కోసి, చెంబులతో నీళ్లు మోసినట్టు కొన్ని కొన్నిగా మోస్తారు. ఆ చెంబు పేరు బఫరు. 64 నమూనాల చెంబంటే సెకనులో వెయ్యోవంతు ఒకటిన్నరకు నిండిపోతుంది. పాత లాప్‌టాపు అంత పరుగు పెట్టలేక ఒలకబోస్తుంది; ఆ ఒలికినదే చిట్. 512 చేస్తే సుమారు పన్నెండు వెయ్యోవంతుల వ్యవధి దొరుకుతుంది, యంత్రం ఊపిరి పీల్చుకుంటుంది. రికార్డు చేసేటప్పుడు కూడా ఈ ఒలకబోత జరగవచ్చు, అప్పుడది ఫైలులోనే పడుతుంది. పెట్టెలో 48,000 అనీ, కంప్యూటరులో 44,100 అనీ లెక్కలు వేరుగా ఉన్నా పేచీయే.

గొంతెత్తినపుడు మాత్రమే గరగరమంటే మైకు మట్టం ఎక్కువైనదని అర్థం. అంకెల ధ్వనికి సున్నా డెసిబెల్ పైన చోటు లేదు; దాటినది తెగిపోతుంది. పెద్ద స్వరం మైనస్ పన్నెండు దగ్గర ఆగేటట్టు పెట్టుకుంటే చాలు. వైరు కదిపినపుడు పలికితే వైరుదే తప్పు. ఛార్జరు తీసి బ్యాటరీ మీద నడిపితే ఆగినదంటే కరెంటు వైపు, ఎర్తు వైపు చూడాలి. పంకా రెగ్యులేటరు తగ్గించినపుడు జుయ్‌మంటే పంకా పూర్తిగా తిప్పడమో ఆపడమో. సెల్‌ఫోను పక్కగదిలో ఉండనీయండి.

మా ఇంట్లో వీటిలో ఏదీ నిలవలేదు. చప్పుడు ఫైలులోనే ఉన్నది. బఫరు పెంచినా ఉన్నది. అమ్మ ఊరకున్నా ఉన్నది. వైరు మార్చినా, బ్యాటరీ మీద నడిపినా ఉన్నది. చివరికి భజన మండలి వారి చేతిమైకు అరువు తెచ్చి అదే పెట్టెకు, అదే వైరుకు తగిలించాను. చప్పుడు లేదు! పెట్టె నిర్దోషి అని తేలింది. దోషం మా మైకుది.

కాగితం తిరగేస్తే ఇంకొక సంగతి బయటపడింది. పొద్దుటపూట, ముసురు రోజుల్లో చిటపట జాస్తి. ఎండ కాసిన మధ్యాహ్నం దాదాపు లేదు. మాది కండెన్సరు మైకు. దానిలో మనిషి వెంట్రుకకన్న ఎన్నో రెట్లు పలుచని పొర ఒకటి, దాని వెనుక వెంట్రుకవాసి దూరంలో లోహపు పలక ఒకటి ఉంటవి. నడుమ విద్యుత్తు నిలిచి ఉంటుంది. పొర కదిలితే ఆ విద్యుత్తు మారుతుంది, అదే మన పాట. సముద్రపు చెమ్మ లోపలికి చేరితే నిలవవలసిన విద్యుత్తు తడి దారిన జారిపోతుంది. జారినప్పుడల్లా చిట్. గోపాలపురం మాకు పదిహేను కిలోమీటర్ల పైచిలుకే. తలుపు గొళ్లాన్ని తుప్పు పట్టించే గాలి మైకును విడిచిపెడుతుందా! చేతిమైకులో తీగచుట్ట, అయస్కాంతం మాత్రమే ఉంటవి గనుక దానికి ఈ బెడద లేదు. సముద్రతీరాన ఏసీ లేని ఇండ్లకు అదే మేలని నా ఉద్దేశం, స్వరంలో కొంత నాజూకు తగ్గినా సరే.

మూత బిగువుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి మైకును రెండు రోజులు ఉంచాను. నీలిరంగు గుళికలు చెమ్మ పీల్చి గులాబీరంగుకు తిరిగినవి. (వీటిని పిల్లలకు అందకుండా పెట్టాలి.) జుట్టు ఆరబెట్టే యంత్రం మాత్రం దగ్గరకు తేకూడదు, పొర చెడుతుంది. మూడవనాడు తీసి తగిలిస్తే గదిలో గోడగడియారం తప్ప మరేమీ వినరాలేదు. అప్పటినుంచి పాడించేముందు తీయడం, కాగానే డబ్బాలో పెట్టడం.

మొదటి నాలుగు పాటల్లో మూడు అమ్మ మళ్లీ పాడింది. నాలుగవది అప్పగింతల పాట. రెండవసారి కూర్చున్నపుడు దాని మూడవ చరణం రాలేదు. కళ్లు మూసుకుని చాలాసేపు వెతుక్కున్నది. మా పిన్నికి ఫోను చేసి అడిగాను, ఆవిడకూ రాదు. ఇక ఆ చరణం చిటపటల నడుమనే ఉన్నది. చప్పుడు తుడిచే సాధనాలు కంప్యూటరులో లేకపోలేదు. ఉచితంగా దొరికే ఆడాసిటీలో 128 నమూనాల వరకు ఉన్న గాయాన్ని కుట్టవచ్చు. విడివిడిగా ఉన్న చిట్లను ఆదివారాలు కూర్చుని అలా అరవై దాకా కుట్టాను. దగ్గరదగ్గరగా పడ్డచోట మొత్తంగా తుడవబోతే శ, స, హలు అరిగిపోయినవి. చరణం చివర అమ్మ తీసే ఊపిరి కూడా పోయింది. ఆ ఊపిరి లేకపోతే ఆ పాట మా అమ్మ పాడినట్టు లేదు. అందుకని ఆ చోట్లు అట్లాగే వదిలేశాను. కుట్టని మూలప్రతిని వేరే డిస్కులో భద్రపరచాను, ముందుముందు మంచి సాధనం వస్తే పిల్లలు చూసుకుంటారు.

ఇంకా పదకొండు పాటలున్నవి. అమ్మ చెపుతుంటే పేర్లు మా అమ్మాయి ఒడియా లిపిలో రాసుకున్నది. భోజనం కాగానే కాక, మధ్యాహ్నం నిద్ర లేచాక అమ్మ గొంతు బాగుంటున్నది. ఆ వేళకు డబ్బా మూత తీస్తున్నాము.