మా చెల్లి చెయ్యి, మన హాస్టల్ దురద

ఈసారి గోడ పత్రికకి ఆరోగ్యం మీద రాయమని తెలుగు మేడం చెప్పేరు. పోయినసారి ఆరుగురు దోమల గురించే రాసేరు. అందుకని నేను దోమల్ని వదిలేసి చర్మం గురించి రాస్తున్నాను. మన ఒంట్లో అన్నిటికన్నా పెద్ద అవయవం చర్మమే అని సైన్సు పుస్తకంలో ఉంది. పరీక్షలో రాస్తే అర మార్కు వస్తుంది. కాని చర్మం పోతే ఏమవుతుందో నేను పుస్తకంలో కాదు, ఆసుపత్రిలో చూసేను.

రెండేళ్ల కిందట సంక్రాంతి సెలవులకి ఇంటికి వెళ్లేను. మా ఊళ్లో పుష్యమాసం చలి మీ అందరికీ తెలిసిందే. రాత్రీ పగలూ పొయ్యి ఆరదు, పిల్లలంతా పొయ్యి చుట్టూనే ఉంటారు. మా చెల్లికి అప్పుడు అయిదేళ్లు. పొయ్యి మీంచి దించిన గంజి కుండ పట్టుకు లాగింది. కుడి చెయ్యి మోచేతి దాకా కాలిపోయింది. అయ్య ఎత్తుకుని గ్రావిటీ కుళాయి దగ్గరికి పరిగెత్తి చెయ్యి నీళ్ల కింద పెట్టేడు. అది మంచి పని అని తర్వాత ఆసుపత్రిలో చెప్పేరు. కాని ఇంతలో ఊరంతా వచ్చింది. ఒకరు బూడిద అన్నారు, ఒకరు పసుపు అన్నారు, ఒకరు టూత్ పేస్టు తెచ్చి రాసేసేరు. అమ్మమ్మ దిసారిని పిలవాలంది. అయ్య ఎవరి మాటా వినకుండా డోలీ కట్టించేడు. రోడ్డు దాకా నలుగురు మోసేరు. అక్కణ్ణించి 108 బండి వచ్చి ముందు పి.హెచ్.సి.కి, తర్వాత మైదానంలోని పెద్దాసుపత్రికి తీసుకెళ్లింది.

మా అమ్మకి తెలుగు సరిగా రాదు. మాది కువి భాష. మా ఇంట్లో బడికెళ్లిన మొదటి మనిషిని నేనే. కాబట్టి నన్ను కూడా ఆసుపత్రిలో ఉండమన్నారు. సిస్టర్ గారు తెలుగులో చెప్తే నేను అమ్మకి కువిలో చెప్పాలి. అమ్మ అడిగింది తెలుగులో సిస్టర్ గారికి చెప్పాలి. నాకు అదే ఉద్యోగం. 19 రోజులు చేసేను.

మొదటి రోజు సిస్టర్ గారు టూత్ పేస్టంతా సెలైన్ నీళ్లతో మెల్లగా కడిగేరు. అది ఎండిపోయి పుండుకి అంటుకుపోయింది. చెల్లి ఏడుపు వార్డంతా వినిపించింది. పేస్టు రాస్తే చల్లగా అనిపిస్తుంది గాని లోపలి వేడి పోదంట. గాయం ఎంత లోతో కూడా కనిపించదంట. అప్పుడు ఒక సంగతి జరిగింది. చెల్లి చేతి మీద బొబ్బలు లేచిన చోట తాకితే కెవ్వుమంటోంది. కాని నడిమి వేలి మీద కొంచెం చోటు తెల్లగా ఉంది. అక్కడ తాకితే ఏమీ అనలేదు. అమ్మ సంతోషించి "ఇక్కడ బాగానే ఉంది" అంది. నేను తెలుగులో చెప్పేను. సిస్టర్ గారు నవ్వలేదు. నొప్పి లేని చోటే లోతుగా కాలిందని, నొప్పి తెలిపే నరాలు కూడా కాలిపోతే నొప్పి తెలియదని చెప్పేరు. ఆ మాట అమ్మకి ఎలా చెప్పాలో నాకు చాలాసేపు తోచలేదు.

కాలినది ఎంతో కొలవడానికి వాళ్లకి టేపు అక్కర్లేదు. వేళ్లతో కలిపి ఒక అరచెయ్యి అంటే ఒంట్లో నూటికి ఒక వంతు. అయితే ఆ అరచెయ్యి కాలినవాళ్లదే అవ్వాలి, చూసేవాళ్లది కాదు. చెల్లి అరచేతితో లెక్క పెడితే నాలుగు వచ్చింది. పిల్లలకి నూటికి పది దాటితే ఒంట్లో నీరు పోయి చాలా ప్రమాదం, సెలైన్ ఎక్కించాల్సిందే అన్నారు.

రోజూ డ్రెస్సింగు ఎలా చేసేవారో రాస్తాను. ముందు నొప్పి మందు ఇచ్చి అరగంట ఆగేవారు. సబ్బుతో చేతులు కడుక్కునేవారు. పాత గుడ్డ ఊడదీసే ముందు సెలైన్‌తో నానబెట్టేవారు. పొడిగా లాగితే కొత్తగా వచ్చిన చర్మం కూడా దాంతో ఊడి వచ్చేస్తుందంట. తర్వాత తెల్లటి మందు రాసి, వేలికీ వేలికీ మధ్య విడివిడిగా గాజు గుడ్డ పెట్టి చుట్టేవారు. అన్ని వేళ్లూ కలిపి కట్టేస్తే మానేటప్పుడు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. ఇది నేను ఎప్పుడూ అనుకోలేదు.

అమ్మ ఒకరోజు అడిగింది, "ఇన్నిసార్లు చేతులు ఎందుకు కడుగుతుంది? నా చేతులు మురికని అనుకుంటోందా?" నేను అడిగేను. కంటికి కనిపించని సూక్ష్మక్రిములు పుండులోకి పోతాయని సిస్టర్ గారు చెప్పేరు. దానికి కువిలో నాకు మాట తెలీదు. పురుగు అని చెప్పేను. "కనిపించని పురుగు ఉన్నట్టు ఎలా తెలుసు?" అంది అమ్మ. సిస్టర్ గారు కోప్పడలేదు. "ఇడ్లీ పిండి రాత్రి ఉంచితే పొద్దుటికి పులుస్తుంది కదమ్మా. పులిపించేది కనిపిస్తుందా?" అన్నారు. మా ఇంట్లో ఇడ్లీ ఎవరికి తెలుసు? నేను ఇడ్లీ పిండి తీసేసి చోడి అంబలి అని చెప్పేను. అమ్మ కాసేపు ఆలోచించింది. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చింది. ఆ రోజు నుంచి మమ్మల్ని చూడ్డానికి ఎవరొచ్చినా అమ్మే కుళాయి చూపించేది.

మానేటప్పుడు ఇంకో కష్టం వచ్చింది. కాలిన చర్మం మానుతూ ముడుచుకుపోతుంది. వేళ్లు వంగిపోయి అలాగే ఉండిపోతాయి. అందుకని రాత్రి చెక్క బద్ద కట్టి చెయ్యి తిన్నగా ఉంచేవారు. పగలు వేళ్లు చాపించి ముడిపించాలి. చెల్లి ఏడుస్తుందని అమ్మ చేయించలేకపోయేది. నేను చింతపిక్కలు సంపాదించి మంచం మీద పోసేను. ఒక్కో పిక్క ఏరితే ఒక్కో పిక్క నాకు బాకీ అని ఆట పెట్టేను. మొదటి రోజు మూడు ఏరింది. ఇంటికొచ్చే రోజుకి నలభై దాటింది. గుడ్డు, పప్పు, పాలు ఎక్కువ పెట్టమన్నారు. కొత్త చర్మం అల్లుకోవడానికి ఒంటికి మాంసకృత్తులు కావాలి. ఇప్పుడు చెల్లి ఒకటో తరగతి. నడిమి వేలు పూర్తిగా చాపలేదు. కాని బలపం పట్టుకుని రాస్తోంది.

ఇది మా ఇంటి కథే కాదు. మన దేశంలో ఏటా 10 లక్షల మందికి పైగా కాలిన గాయాల పాలవుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అందుకే అందరూ ఇవి గుర్తు పెట్టుకోండి.

1. కాలిన చోట మామూలు చల్లని నీళ్లు ధారగా 20 నిమిషాలు పొయ్యాలి. ఐసు వద్దు.
2. వాచిపోకముందే గాజులు, ఉంగరాలు, తాయెత్తులు తీసేయాలి. అంటుకుపోయిన బట్ట మాత్రం లాగకూడదు.
3. బొబ్బలు చిదమకూడదు. పేస్టు, సిరా, బూడిద, నూనె రాయకూడదు.
4. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి, మిగతా ఒళ్లు వెచ్చగా ఉంచి ఆసుపత్రికి వెళ్లాలి. ధనుర్వాతం ఇంజెక్షను కావాలేమో అడగాలి.

వార్డెన్ మేడం గారికి కూడా ఒక విన్నపం. మన మెస్‌లో వేడి సాంబారు బకెట్టు మూడు, నాలుగు తరగతుల పిల్లలు మోస్తున్నారు. ఆ పని పెద్ద తరగతుల వాళ్లం మేం చేస్తాం. మాకు వంతులు వేయండి.

ఇప్పుడు దురద సంగతి. మన రెండో గదిలో నెల నుంచి గజ్జి ఉంది. అందరికీ తెలుసు, ఎవరూ చెప్పుకోరు. ఒక అమ్మాయి ట్రంకు పెట్టెని మాత్రం వరండాలోకి నెట్టేసేరు. ఆమె అక్కడే పడుకుంటోంది. ఆమెతో మాట్లాడితే అంటుకుంటుందని కొందరు అంటున్నారు. మాటలతో గజ్జి అంటుకోదు. గజ్జి పురుగు మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. అందుకే వేళ్ల సందుల్లో, మణికట్టు మీద, నడుం దగ్గర, రాత్రిపూట ఎక్కువ దురద. చర్మానికి చర్మం చాలాసేపు తగిలితే, ఒకే దుప్పటిలో పడుకుంటే పాకుతుంది. మనం చలికి ఇద్దరిద్దరం ఒక దుప్పటిలో పడుకునేవాళ్లమే కదా!

ఇంకో ముఖ్య విషయం. మొదటిసారి గజ్జి వచ్చినవాళ్లకి పురుగు ఒంట్లో చేరిన నాలుగు నుంచి ఆరు వారాల దాకా దురద పుట్టకపోవచ్చు. అంటే దురద లేదని గొప్పగా తిరిగేవాళ్ల దగ్గర కూడా పురుగు ఉండొచ్చు. ఆ అమ్మాయికి ఎవరు అంటించేరో ఎవరికి తెలుసు? 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ గజ్జిని నిర్లక్ష్యానికి గురైన జబ్బుల జాబితాలో చేర్చింది. నిర్లక్ష్యం చేసింది జబ్బుని. మనం మనిషిని చేస్తున్నాం.

ఏఎన్ఎం మేడం పెర్మెత్రిన్ క్రీము అందరికీ తెచ్చేరు. శనివారం రాత్రి గదిలో ఉన్నవాళ్లందరం ఒకేసారి రాసుకోవాలి. ఒకరు మానేస్తే మళ్లీ అందరికీ వస్తుంది. మెడ నుంచి అరికాళ్ల దాకా, గోళ్ల కింద కూడా రాయాలి. రాత్రంతా ఉంచి పొద్దున్న స్నానం చెయ్యాలి. చేతులు కడుక్కుంటే అక్కడ మళ్లీ రాయాలి. దుప్పట్లు, బట్టలు వేడి నీళ్లలో ఉతికి ఎండలో ఆరేయాలి. ఉతకలేనివి సంచిలో మూట కట్టి వారం ముట్టకూడదు. వారం తర్వాత క్రీము ఇంకోసారి రాయాలి. పురుగు చచ్చినా దురద రెండు మూడు వారాలు ఉంటుంది, భయపడకండి. చీము పడితే దాచుకోకుండా మేడంకి చూపించండి. గోళ్లు కత్తిరించుకోండి. మూడో గది నుంచి మాయమైన నెయిల్ కట్టరు ఎవరి దగ్గరుందో వాళ్లు శనివారం లోపు పెట్టేయండి, ఎవరూ ఏమీ అనరు.

వీపు మీద ఎవరికి వాళ్లు రాసుకోలేరు. వరండాలో ఉన్న అమ్మాయికి నేను రాస్తాను. నా వీపుకి ఆమె రాస్తుంది. ఆ ట్రంకు పెట్టె బరువుగా ఉంది, లోపలికి తేవడానికి ఇంకొకరు చెయ్యి వేయండి.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని