ప్రోగ్రాముల వలస

మేము పాలమూరు, నల్లగొండ వలస కూలీల పిల్లలం. హాస్టల్ విడిచాక హైదరాబాదులో పట్టుకున్న పని పేరు పోర్టింగ్. ఒక ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడిచే ప్రోగ్రామును మరోదాని మీద నడిచేలా చేయడం. ఇంట్లో ‘ప్రోగ్రామును వలస తీస్కపోవుడు’ అని చెబితే మాలో ఒకరి నాయన, “అక్కడ దాన్ని మస్టర్ల ఎక్కించుకుంటరా?” అని అడిగిండు. అసలు చిక్కు సరిగ్గా అక్కడే ఉంది.

లెక్కలు చేసే కోడ్ ఎక్కడైనా దాదాపు నడుస్తుంది. థ్రెడ్ల దగ్గరే ఇబ్బంది. ప్రోగ్రాము ఒక గుంపు అయితే థ్రెడ్లు అందులోని కూలీలు. గుడిసె, వంటసామాను అందరిదీ ఒకటే, పనులు వేరు. మేము ల్యాబులో టర్బో సి నేర్చుకున్న డాస్‌లో ఈ ఏర్పాటే లేదు. విండోస్‌ది ఒక పద్ధతి. యునిక్స్ వైపు 1995లో పోసిక్స్ థ్రెడ్ల ప్రమాణం వచ్చింది.

పాత లినక్స్‌లో ఒక్కో థ్రెడ్‌కు ఒక్కో ప్రాసెస్ నంబరు. పదిమంది ఉన్న గుంపును పది గుంపులుగా మస్టర్‌లో రాసినట్టు! పైన ఒక మేనేజర్ థ్రెడ్, అచ్చం మన మేస్త్రిలాగే. గుంపంతటికీ పంపిన సిగ్నల్ ఒక్కరికే చేరేది. అందుకే సోలారిస్ నుంచి వచ్చిన ప్రోగ్రాములు ఇక్కడ తడబడేవి. ఉల్రిచ్ డ్రెప్పర్, ఇంగో మోల్నార్‌ల ఎన్‌పీటీఎల్, 2003 డిసెంబరు నాటి 2.6 కెర్నల్ వచ్చాక ఈ బాధ చాలావరకు తీరింది. వాళ్ల పరీక్షలో 1,00,000 థ్రెడ్లు మొదలుకావడానికి 2 సెకన్లు చాలింది. అంతకుముందు పావుగంట పట్టేది.

అయినా విండోస్ నుంచి వచ్చేవాటి కష్టం వేరు. మా తొలి కంపెనీలో అలాంటి ప్రోగ్రామే ఇచ్చారు. అది నడిస్తేనే ముగ్గురి ఉద్యోగాలు ఖాయం. ఇంటికి డబ్బులు పంపాల్సిన రోజులు. ప్రోగ్రామేమో ఎర్రర్ కూడా చూపకుండా ఊరికే ఆగిపోయేది. తొమ్మిది రోజులు వెతికాం. విండోస్ క్రిటికల్ సెక్షన్‌లో తాళం వేసిన థ్రెడ్డే మళ్లీ ఆ తాళం అడిగితే దొరుకుతుంది. లినక్స్‌లో మామూలు మ్యూటెక్స్ ఇవ్వదు. హాస్టల్ బాత్‌రూంలో గొళ్లెం పెట్టుకున్నవాడు, లోపలివాడు ఎప్పుడొస్తాడా అని తానే ఎదురుచూసినట్టు. మ్యూటెక్స్‌ను రికర్సివ్ రకంగా మార్చాం, నడిచింది. కన్ఫర్మేషన్ లెటర్లు నెలాఖరుకు వచ్చాయి. పాత కోడ్ రాసినవాళ్ల తప్పేమీ లేదు, వాళ్ల ఊళ్లో అదే పద్ధతి.

తమ్ముళ్లూ, మీ కాలేజీ ల్యాబులో లినక్స్ ఉంటే ఒకే థ్రెడ్‌తో ఒక మామూలు మ్యూటెక్స్‌కు రెండుసార్లు తాళం వేయించి చూడండి. మమ్మల్ని తొమ్మిది రోజులు తిప్పింది ఒక్క నిమిషంలో కనిపిస్తుంది.