పొద్దు వాలితే ఇంటికెళ్తానంటారు

అమలాపురం నుంచి రాజోలు వెళ్ళే దారిలో, కొబ్బరితోటల మధ్య ఉందా వృద్ధాశ్రమం. వెనక వరండాలో ఎనభై దాటిన మామ్మగారొకరు కొబ్బరాకులు ముందేసుకుని ఈనెలు తీస్తున్నారు. చాకు ఇవ్వరు కాబట్టి ఆకు కొసన గోటితో చీల్చి, రెండు వైపులా లాగేసి, ఈనెని పక్కన పేరుస్తున్నారు. మొదళ్ళన్నీ ఒకే వైపుకి ఉన్నాయి. కొడుకు పేరు గుర్తులేని మనిషికి ఈ పని మాత్రం చేతికి గుర్తుంది.

"ఆకు చేతిలో ఉన్నంతసేపూ నెమ్మదిగా ఉంటారండి. పొద్దు వాలిందంటే ఇంటికెళ్తానని గేటు పట్టుకుంటారు" అంది ఆయా. డిమెన్షియా ఉన్నవాళ్ళలో చాలామందికి సాయంత్రం పూట కంగారు ఎక్కువవుతుంది.

ఆదివారం కావడంతో కొడుకూ కోడలూ వచ్చారు. "మా ఇంటి వెనకే కాలవండి. రాత్రి గడియ చప్పుడైతే చాలు, గుండె జారిపోయేది. మూడేళ్ళు కంటినిండా నిద్ర లేదు" అంది కోడలు. కొడుకు బాధ వేరు: "తల్లిని ఆశ్రమంలో పడేశాడంటున్నారండి ఊళ్ళో." ఆడపడుచు కువైట్‌లో ఒక ముసలావిడకి సేవ చేస్తోంది. ఇక్కడ కట్టే డబ్బు ఆ జీతంలోదే. ఆడవాళ్ళు గల్ఫ్‌కి వెళ్ళిన ఇళ్ళు కోనసీమలో ఎన్నో. పెద్దవాళ్ళని చూసుకోవాల్సిన చేతులే ముందు విమానం ఎక్కాయి.

వీళ్ళని నేను తప్పుపట్టను. తల్లిదండ్రులను, వృద్ధులను పూర్తిగా వదిలించుకోవాలని ఎక్కడో విడిచిపెట్టి పోతే మూడు నెలల వరకూ జైలుశిక్ష పడొచ్చని 2007 నాటి చట్టం చెబుతోంది. వారం వారం వచ్చి అన్నం కలిపి తినిపించే కోడలు ఆ లెక్కలోకి రాదు. ఊరు మాత్రం అందరినీ ఒకే గాట కట్టేస్తుంది. దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. అయినా చాలా ఆశ్రమాలు తమ పనులు తాము చేసుకోగలిగినవారినే చేర్చుకుంటాయి. చోటు దొరికేదాకా వీళ్ళు ఎన్ని గేట్లు తట్టారో!

పొద్దున్న దింపి సాయంత్రం తీసుకెళ్ళే డే కేర్ ఒకటి దగ్గర్లో ఉంటే అత్తగారు ఇంకొన్నాళ్ళు ఇంట్లోనే ఉండేవారని కోడలు గట్టిగా నమ్ముతోంది. నేనూ నమ్ముతున్నాను. మెడికల్ కాలేజీ ఉన్న అమలాపురంలో అది అసాధ్యమేమీ కాదు.

సంక్రాంతికి ఇంటికి తీసుకెళ్తామని కొడుకు అడిగాడు. "తీసుకెళ్ళండి. ప్రభల తీర్థం జనంలోకి మాత్రం వద్దు. చోటు మారితే బెదురుతారు, పక్కనే ఎవరైనా పడుకోండి" అన్నారు నిర్వాహకురాలు. కోడలు మందుల చీటీ అడిగి తీసుకుంది.